ఒకే కాడి ఎద్దులేనా?

ముంబైలో ఒక బ్యాంకు ట్రెజరీలో కొత్తగా చేరిన రోజులు. బాండ్లు కొనీ అమ్మీ బతికే ఆ గదిలో నా పని వారానికో నోటు రాయడం. 2000లో 11 శాతం దరిదాపుల్లో ఉన్న పదేళ్ల ప్రభుత్వ బాండు ఈల్డు 2003 చివరికి 5 శాతం దరిదాపులకు దిగిపోయింది. ఎందుకు దిగిందో చెప్పగలిగితే ఇంకెంత దిగుతుందో కూడా చెప్పొచ్చని నా ఆశ. రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లోంచి డబ్బు సరఫరా అంకెలు ఏరి తెచ్చాను. ఈల్డు పక్కన పెట్టి రిగ్రెషన్ రన్ చేశాను. ఆర్-స్క్వేర్డ్, అంటే ఈల్డు ఎగుడుదిగుళ్లలో డబ్బు సరఫరా వివరించగలిగిన వంతు, తొంభై శాతం పైన వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు మీటింగులో ఆ గ్రాఫు గోడ మీద వేశాను. మా డెస్కు పెద్దాయన గుడివాడ మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కాసేపు చూశాడు.

"బాగుందయ్యా. మా అమ్మాయి ఎత్తు పెట్టి చూశావా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. వాళ్లింట్లో తలుపు చట్రం మీద ఆరు నెలలకోసారి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసే అలవాటుంది. ఇంటికి ఫోన్ చేసి ఆ కొలతలు చెప్పించాడు. రెండు గీతలకి మధ్య నెలలని అందాజుగా నింపి, డబ్బు సరఫరా బదులు ఆ ఎత్తు పెట్టి మళ్లీ రన్ చేశాను. ఆర్-స్క్వేర్డ్ ఇంకాస్త పెరిగింది.

2004లో ఈల్డు మళ్లీ పైకి లేచింది, 2006 మధ్యకల్లా 8 శాతం దాటింది. డబ్బు సరఫరా అప్పుడూ పెరుగుతూనే ఉంది. ఆ అమ్మాయేమీ పొట్టిదైపోలేదు.

ఆ రోజు నాకు తెలియనిదేమిటో, తెలిసుంటే ఏ వరసలో ఏం చేసుండేవాణ్నో ఈ అధ్యాయంలో చెబుతాను. మీరు ఎకనామిక్స్ పీజీ చదువుతున్నా, ఫండ్ హౌసులో పనిచేస్తున్నా, సొంత డబ్బు గిల్ట్ ఫండ్లో పెట్టుకుని రాత్రిళ్లు గ్రాఫులు చూసుకునేవారైనా ఇందులో చెప్పేవన్నీ ఒక లాప్‌టాప్‌తో ఇంట్లో చేయగలిగినవే.

చర్చి పెళ్లిళ్లూ, చావులూ

ఈ రకం అవమానం నాతో మొదలు కాలేదు. 1925లో ఉడ్నీ యూల్ అనే గణాంకవేత్త లండన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో ప్రసంగిస్తూ ఒక లెక్క చూపించాడు. 1866 నుంచి 1911 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో జరిగిన పెళ్లిళ్లలో ఇంగ్లండ్ అధికార చర్చిలో జరిగినవి ఎన్నో వంతు, అదే కాలంలో మరణాల రేటు ఎంత అన్నవి రెండు వరసలు. వాటి మధ్య కోరిలేషన్ 0.95. చర్చిలో పెళ్లి మానేస్తే జనం చావడం మానేస్తారా? ఏమీ లేదు, ఆ కాలంలో రెండూ తగ్గుతూ వచ్చాయి, అంతే.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1974లో, క్లైవ్ గ్రేంజర్, పాల్ న్యూబోల్డ్ దీన్నే కంప్యూటరు మీద నిరూపించారు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకుండా పుట్టించిన వరసల్ని జతలు జతలుగా రిగ్రెషన్లో పెడితే నాలుగింట మూడొంతుల సార్లు "గట్టి సంబంధం ఉంది" అనే జవాబొచ్చింది. వాళ్లు చెప్పిన ఒక చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది: ఆర్-స్క్వేర్డ్ అంకె డర్బిన్-వాట్సన్ అంకె (రిగ్రెషన్లో మిగిలిన పక్కపక్క శేషాలు ఎంత ముడిపడి ఉన్నాయో చెప్పేది) కన్నా పెద్దదైతే ఆ రిగ్రెషన్ని నమ్మకండి. ఆ రెండు అంకెలూ నా స్లయిడు మీద పక్కపక్కనే ఉన్నాయి. నేను మొదటిదాని చుట్టూ ఎర్ర గీత గీసి రెండోదాన్ని చూడనేలేదు.

నా మాట మీద నమ్మకండి. ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. బొమ్మ పడితే ఒకటి కలపండి, బొరుసు పడితే ఒకటి తీసేయండి. ప్రతి విసురు తర్వాతా మొత్తం ఎంతయిందో రాయండి. పన్నెండు విసుర్లయ్యాక మళ్లీ సున్నా నుంచి రెండో వరస మొదలుపెట్టండి. నా నోటుబుక్కులో ఉన్న ఒక జత ఇది:

మొదటి వరస: 1, 2, 1, 2, 3, 4, 3, 4, 5, 4, 5, 6
రెండో వరస: −1, −2, −1, −2, −3, −2, −3, −4, −3, −4, −5, −6

వీటి మధ్య కోరిలేషన్ −0.88. ఈ అంకె చూపించి "ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది" అని సిద్ధాంతం రాసి పడేయొచ్చు. ఇప్పుడు మొత్తాలు వదిలేసి, ఒక్కో విసురులో వచ్చిన ప్లస్సూ మైనస్సూ మాత్రమే తీసుకుని కోరిలేషన్ కట్టండి. −0.11 వస్తుంది. అంటే దాదాపు ఏమీ లేదు. ఇది నేను కావాలని ఏరిన జతే, ప్రతిసారీ ఇంత ముచ్చటగా రాదు. కానీ ఏరడానికి ఎక్కువసేపు పట్టలేదు, గమనించాల్సింది అదే.

ఇలా గత మొత్తం మీద కొత్త విసురు వచ్చి చేరే వరసని రాండమ్ వాక్ అంటారు. పడిన విసురు ప్రభావం ఎప్పటికీ పోదు. వరస తిరిగి రావడానికి దానికో ఇల్లంటూ లేదు.

గుంజకి కట్టిన దూడ

గుంజకి కట్టిన దూడని చూశారా? గెంతుతుంది, పలుపు తాడు సాగినంత మేరా పోతుంది, మళ్లీ గుంజ దగ్గరికి వస్తుంది. పొద్దున చూసినా సాయంత్రం చూసినా అది తిరిగే చోటు మారదు, ఆ చోటు వైశాల్యమూ మారదు. స్టేషనరీ వరస అంటే అలాంటిది. సగటు నిలకడగా ఉంటుంది, ఊగిసలాట కూడా నిలకడగా ఉంటుంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న బంధం ఏ ఏడాది చూసినా ఒకేలా ఉంటుంది. రాండమ్ వాక్ అచ్చోసిన ఆంబోతు. ఇవాళ ఎక్కడుందో చెప్పగలం గానీ వచ్చే ఏడాది ఏ ఊరి చేలో ఉంటుందో చెప్పలేం.

దూడా ఆంబోతా అన్నది ఎందుకు తెలియాలంటే, ఒక దెబ్బ తగిలినప్పుడు దాని గుర్తు మిగులుతుందా చెరిగిపోతుందా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. 2023 జులై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో టమాటా ధర వింటే గుండె జారిన నెల అది. దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం ఒక్కసారిగా 7.44 శాతానికి ఎగిరింది. రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ రెపో రేటుని 6.50 శాతం దగ్గరే ఉంచింది, కదపలేదు. దూడ గెంతింది, తిరిగొస్తుందని వాళ్ల అంచనా. సెప్టెంబరుకి ద్రవ్యోల్బణం 5.02కి వచ్చింది. అదే ధరల సూచీ స్థాయి మాటేమిటి? అదెప్పుడూ పైపైకే. ఒకే సరుకు నుంచి తీసిన రెండు వరసల్లో ఒకటి గుంజ చుట్టూ తిరిగేది కావచ్చు, రెండోది ఆంబోతు కావచ్చు. అందుకే "సీపీఐ మీద పరీక్ష చేశాను" అని ఎవరైనా అంటే నేనడిగే మొదటి ప్రశ్న: సూచీ మీదా, దాని మార్పు మీదా?

డికీ, ఫుల్లర్ ఏమడిగారు

1979లో డేవిడ్ డికీ, వేన్ ఫుల్లర్ ప్రచురించిన పరీక్ష అడిగేది చాలా చిన్న ప్రశ్న: పోయిన నెల వరస తన గుంజకి దూరంగా ఉంటే, ఈ నెల దాని అడుగు గుంజ వైపు పడిందా? ఈ నెల మార్పుని ఎడమ పక్కన పెట్టండి, పోయిన నెల స్థాయిని కుడి పక్కన పెట్టండి, రిగ్రెషన్ చేయండి. స్థాయి ముందున్న గుణకం మైనస్ 0.1 అనుకుందాం, సగటు 7 శాతం అనుకుందాం. ఈల్డు 9 దగ్గరుంటే వచ్చే నెల 0.2 తగ్గే మొగ్గు ఉందన్నమాట. గుణకం సున్నా అయితే లాగే తాడు లేదు. దీన్నే యూనిట్ రూట్ అంటారు. కుడి పక్కన గత నెలల మార్పుల్ని కూడా కొన్ని చేరిస్తే అది ఏడీఎఫ్ పరీక్ష.

కిటుకంతా పట్టికలో ఉంది. గుణకానికి వచ్చిన టి-విలువని మామూలు టి-పట్టికతో పోల్చకూడదు. అందులో ఒకవైపు పరీక్షకి −1.65 దాటితే చాలు. ఇక్కడ, స్థిరాంకం ఒక్కటే పెట్టిన రిగ్రెషన్లో, పెద్ద శాంపిల్‌కి 5 శాతం హద్దు −2.86. ట్రెండు కూడా పెడితే −3.41. తాడు లేని ఆంబోతు కూడా అప్పుడప్పుడు తిరిగొస్తున్నట్టు కనిపిస్తుంది, ఆ భ్రమకి కట్టిన అదనపు సుంకం ఇది.

ట్రెండు పెట్టాలా వద్దా అన్న దగ్గర చాలామంది సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వింటారు. వినకండి. మీ బుర్రతో తేల్చాల్సిన సంగతి అది. జీడీపీ లాగరిథమ్‌కి ట్రెండు పెట్టండి, దేశం పెరుగుతుంది కాబట్టి. ఈల్డుకి పెట్టకండి. అమెరికా పదేళ్ల ఈల్డు నెలసరి సగటు 1981 సెప్టెంబరులో 15.32 శాతం. 2020 ఆగస్టు మొదట్లో ఒక రోజు 0.52కి దిగింది. ఆ నలభై ఏళ్ల గీతకి స్కేలు పెట్టి గీస్తే కిందికి జారే చక్కటి ట్రెండు కనిపిస్తుంది. దాన్ని నమ్మి ముందుకు పొడిగిస్తే ఈల్డు సున్నా కిందికి పోయి అక్కడ ఇంకా కిందికి పోతూ ఉండాలి. 2023 అక్టోబరులో అదే ఈల్డు 5 శాతం అంచుని తాకింది.

ఇంకో మాట. ఏడీఎఫ్ మొదటి ఊహ "యూనిట్ రూట్ ఉంది" అని. దాన్ని కొట్టేయలేకపోతే ఉందని రుజువైనట్టు కాదు. కోర్టులో సాక్ష్యం చాలక వదిలేసిన ముద్దాయి నిర్దోషి అని ఊళ్లో ఎవరూ అనుకోరు గదా. అందుకే 1992లో నలుగురు ఆర్థికవేత్తలు తిరగేసి అడిగే పరీక్ష తయారుచేశారు, వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో కేపీఎస్ఎస్ అంటారు. దాని మొదటి ఊహ "నిలకడ ఉంది". స్థాయి నిలకడకి 5 శాతం హద్దు 0.463, అది దాటితే నిలకడ లేదని. రెండు పరీక్షలూ ఒకే మాట చెబితే ఆ మాట రాసుకోండి. ఏడీఎఫ్ కొట్టేయలేక, కేపీఎస్ఎస్ కూడా కొట్టేయలేకపోతే మీ దగ్గరున్న అంకెలు చాలవని అర్థం. రెండూ కొట్టేస్తే వరసలో ఎక్కడో విరుపు ఉందేమో వెతకండి. పైథాన్ స్టాట్స్‌మోడల్స్‌లో కేపీఎస్ఎస్ పి-వాల్యూ 0.01కీ 0.10కీ మధ్యే చూపిస్తుంది. 0.10 కనిపిస్తే అది "0.10 లేదా అంతకన్నా ఎక్కువ" అని చదవాలి. నేను రెండు నెలలు దాన్ని అచ్చంగా 0.10 అనే నోట్లలో రాశాను.

రెండు రూపాయల వడ్డీ

ఇక్కడ మా పెద్దాయన ఇంకో ప్రశ్న వేసేవాడు. "ఏమయ్యా, ఈల్డు నిజంగా ఆంబోతైతే వెయ్యేళ్లలో ఎక్కడికి పోయుండాలి?"

మన ఊళ్లలో ప్రోనోటు వడ్డీ "నూటికి రెండు". నెలకి నూరు రూపాయలకి రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. నా చిన్నప్పుడు మా వీధి అరుగు మీద విన్న మాట అది, ఇప్పుడూ వింటున్నాను. నాలుగు వేల ఏళ్ల కిందటి బాబిలోన్‌లో వెండి అప్పుల మీద వడ్డీ ఏడాదికి 20 శాతం. మధ్యలో ఎన్ని రాజ్యాలు లేచాయో, ఎన్ని కూలాయో! నిజమైన రాండమ్ వాక్ అంతకాలం ఇంత చిన్న ఆవరణలో తిరగదు.

మరి పరీక్షలు ఈల్డుకి యూనిట్ రూట్ ఉందనే ఎందుకు అంటాయి? తాడు చాలా పొడుగు కాబట్టి. ప్రతి నెలా దూరంలో 2 శాతమే తగ్గే వరసని ఊహించండి. తగిలిన దెబ్బ సగానికి తగ్గడానికి 34 నెలలు పడుతుంది. మీ దగ్గర పదేళ్ల డేటా ఉంటే అలాంటివి మూడున్నర సార్లు మాత్రమే చూడగలిగారు. దానిమీద ఏ పరీక్ష మాత్రం ఏం చెబుతుంది? నెలసరి అంకెలు చాలడం లేదని రోజువారీవి తెచ్చి 2,500 అంకెలు పేర్చేవాళ్లుంటారు. లాభం లేదు. రాబర్ట్ షిల్లర్, పియర్ పెరాన్ 1985లోనే చూపించారు: ఈ పరీక్షకి బలం ఎన్ని అంకెలన్నదాని కన్నా ఎన్నేళ్లన్నదాని నుంచి వస్తుంది. దూడ గుంజ దగ్గరికి ఎప్పుడొస్తుందో తెలియాలంటే నిమిషానికోసారి చూడటం కాదు, సాయంత్రం దాకా కూర్చోవాలి.

కాబట్టి నా తీర్పు ఇది: ఈల్డుకి యూనిట్ రూట్ ఉందన్నది వేదవాక్కు కాదు, పనికొచ్చే సర్దుబాటు. పదిహేను, ఇరవై ఏళ్ల శాంపిల్లో అలా అనుకుని పనిచేయడమే క్షేమం. అలా అనుకోకపోతే తలుపు చట్రం మీద గీతలు కూడా ఈల్డుని వివరించేస్తాయి.

పరీక్షకి ముందు సంచి విప్పి చూడండి

ధాన్యం కొనేవాడు సంచి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూస్తాడు. మన వరసకీ అది కావాలి. భారతదేశపు 91 రోజుల ట్రెజరీ బిల్లుల రేటు పాత పుస్తకాల్లో 1974 నుంచి 1991 దాకా 4.6 శాతమే. పదిహేడేళ్లు చెక్కుచెదరలేదు. అది మార్కెట్ చెప్పిన ధర కాదు, ఢిల్లీలో నిర్ణయించిన ధర. 91 రోజుల బిల్లుల వేలం 1993 జనవరిలో మొదలైంది. ప్రభుత్వం లోటుని రిజర్వ్ బ్యాంకుకి అడ్ హాక్ బిల్లులు అంటగట్టి పూడ్చుకునే పద్ధతి 1997లో ముగిసింది. అంతకుముందు అంకెల్ని ఇప్పటి అంకెలకి అతికించి "యాభై ఏళ్ల డేటా" అనడం తోలుబొమ్మనీ మనిషినీ ఒకే త్రాసులో తూచడం.

పదేళ్ల బెంచ్‌మార్క్ కూడా ఒకే బాండు కాదు. కొత్త బాండు వేలానికి రాగానే ట్రేడింగ్ దాని మీదికి మళ్లుతుంది, గీత మీద చిన్న మెట్టు పడుతుంది. ఆ మెట్టుకి ద్రవ్య విధానంతో పనిలేదు. నెలసరి సగటు వాడుతున్నారా, నెలాఖరు అంకె వాడుతున్నారా అన్నది కూడా రాసి పెట్టుకోండి. అచ్చమైన రాండమ్ వాక్‌ని సగటు చేస్తే పక్కపక్క నెలల మార్పుల మధ్య 0.25 దాకా దొంగ కోరిలేషన్ పుడుతుందని 1960లోనే హోల్‌బ్రుక్ వర్కింగ్ చూపించాడు.

విరుపుల సంగతి వేరే అధ్యాయానికి సరిపడా ఉంది. ఇక్కడ ఒక్కటే. 1982లో చార్లెస్ నెల్సన్, చార్లెస్ ప్లాసర్ అమెరికా ఆర్థిక వరసలు పద్నాలుగు తీసుకుని పరీక్షిస్తే, నిరుద్యోగం తప్ప మిగతా పదమూడింటిలో యూనిట్ రూట్‌ని కొట్టేయలేకపోయారు. 1989లో పెరాన్ వచ్చి, 1929 పతనాన్ని ఒక విరుపుగా ఒప్పుకుంటే వాటిలో చాలావాటికి యూనిట్ రూట్ నిలవదన్నాడు. గుంజని ఒకసారి పీకి వేరేచోట పాతితే దూడ ఆంబోతులా కనిపిస్తుంది. మన దేశంలో 2016లో ద్రవ్యోల్బణ లక్ష్యం చట్టంలోకి వచ్చింది, 4 శాతం, అటూ ఇటూ 2. ద్రవ్యోల్బణం గుంజ అక్కడ మారిందా లేదా అన్నది పరీక్ష రన్ చేసే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న.

కాడి

ఇక అసలు సంగతి. ఆంబోతులు రెండున్నాయి, రెండూ ఎటైనా పోతాయి. వాటి మధ్య సంబంధం ఉందని ఎప్పుడు నమ్మాలి?

దుక్కి దున్నే ఎద్దుల్ని చూడండి. చేనంతా తిరుగుతాయి. ఉదయం ఈ గట్టు దగ్గరుంటాయి, మధ్యాహ్నం ఆ గట్టు దగ్గరుంటాయి. వాటి చోటు ముందే చెప్పలేరు. కానీ వలపటెద్దుకీ దాపటెద్దుకీ మధ్య దూరం ఎంతో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కాడి పొడవెంతో అంత. ఒకటి కాస్త ముందుకు పోతే మెడ మీద కాడి లాగుతుంది, రెండోది కదులుతుంది, లేదా మొదటిదే తగ్గుతుంది. విడివిడిగా నిలకడ లేని రెండు వరసల కలయిక నిలకడగా ఉంటే దాన్ని కోఇంటిగ్రేషన్ అంటారు. నా డబ్బు సరఫరాకీ ఈల్డుకీ మధ్య ఉన్నది కాడి కాదు. ఒకే రోడ్డు మీద కాసేపు ఒకే వేగంతో నడిచిన రెండు పశువులు, అంతే.

ఈ ఆలోచన పుట్టుకలో ముచ్చట ఉంది. విడివిడిగా తిరుగాడే రెండు వరసల తేడా నిలకడగా ఉండొచ్చని డేవిడ్ హెండ్రీ అంటే, అసాధ్యం, తప్పని రుజువు చేసి చూపిస్తానని వెళ్లిన గ్రేంజర్, రుజువు రాయబోయి హెండ్రీయే ఒప్పని తేల్చుకున్నాడు. ఆ తర్వాత రాబర్ట్ ఎంగిల్‌తో కలిసి 1987లో ప్రచురించిన పత్రం ఈ రంగానికి పునాది. 2003లో ఇద్దరికీ ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బాండ్లలో ఈ కాడి ఎక్కడిది? పదేళ్ల బాండు కొనడం అంటే, మూడు నెలల బిల్లుని నలభైసార్లు వరసగా కొనడానికి ప్రత్యామ్నాయం. రాబోయే చిన్న రేట్ల సగటుకి కాస్త ప్రీమియం కలిపితే పెద్ద రేటు. అందుకే రెండూ ఎంత తిరిగినా స్ప్రెడ్ అనే దూరం అదుపులో ఉండాలని 1987లో జాన్ క్యాంప్‌బెల్, షిల్లర్ వాదించారు. ఈ కారణం ముందు చెప్పగలిగాకే పరీక్ష. కారణం లేకుండా యాభై వరసల్ని జతలు జతలుగా పరీక్షిస్తే 1,225 జతలవుతాయి. 5 శాతం హద్దు మీద ఏ సంబంధమూ లేకుండానే అరవై చిల్లర జతలకి కాడి కనిపిస్తుంది.

పరీక్ష సులువే. మొదట ఒక్కో వరస విడిగా చూడండి. స్థాయిలో నిలకడ లేకపోవాలి, ఒకసారి తేడా తీస్తే నిలకడ రావాలి. ఒకటి ఇప్పటికే నిలకడగా ఉంటే దాన్ని కాడికి కట్టే ప్రశ్నే లేదు. తర్వాత ఒకదాని మీద ఒకటి రిగ్రెషన్ చేసి, మిగిలిన శేషాల మీద ఏడీఎఫ్ నడపండి. ఇక్కడే నూటికి తొంభై మంది జారే మెట్టుంది: శేషాల మీద −2.86 పట్టిక పనికిరాదు. ఆ శేషాలు వీలైనంత చిన్నవిగా ఉండేలా రిగ్రెషనే వాటిని సర్దింది, నిలకడగా కనిపించడానికి అప్పటికే సగం సాయం చేసేసింది. రెండు వరసలకి 5 శాతం హద్దు −3.34 దగ్గరుంటుంది. కానీ మీరు గుణకాన్ని అంచనా వేయకుండా, సిద్ధాంతం చెప్పిన ఒకటికి ఒకటి నిష్పత్తిలో నేరుగా పదేళ్ల ఈల్డులోంచి మూడు నెలల ఈల్డు తీసేసి ఆ స్ప్రెడ్ని పరీక్షిస్తే పాత −2.86 చెల్లుతుంది. ఈల్డులకి నేను దీన్నే ముందు చేస్తాను. అంచనాకి తావిచ్చిన కొద్దీ మోసానికి తావిచ్చినట్టు.

మూడు నెలలు, ఏడాది, ఐదేళ్లు, పదేళ్లు ఇలా నాలుగు ఈల్డులుంటే సోరెన్ యోహాన్సెన్ పద్ధతి వాడండి. నాలుగింటి మధ్య ఎన్ని కాడులున్నాయో అది లెక్కపెడుతుంది. సిద్ధాంతం ప్రకారం మూడు రావాలి, అందర్నీ నడిపే దారి ఒక్కటే మిగలాలి. 1992లో హాల్, యాండర్సన్, గ్రేంజర్ అమెరికా ట్రెజరీ బిల్లుల మీద చేసిన పనిలో అలాగే వచ్చింది. ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటుని పట్టుకోవడం వదిలేసి బ్యాంకుల రిజర్వుల్ని పట్టుకున్న 1979–82 కాలంలో మాత్రం ఆ బంధం సడలింది. తోలేవాడు ములుకోల పట్టే తీరు మారిస్తే కాడి కూడా కిర్రుమంటుంది.

తిరిగొస్తుంది, ఎప్పుడని అడగొద్దు

2013 జులై 15 రాత్రి రూపాయిని కాపాడటానికి రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులకి ఒక్క రాత్రికి అప్పిచ్చే ఎంఎస్ఎఫ్ రేటుని 10.25 శాతానికి ఎత్తింది. చిన్న రేట్లు ఎగిరి పెద్ద రేట్ల నెత్తిన కూర్చున్నాయి. కొన్ని నెలలకి తగ్గాయి. అమెరికాలో 2022 చివర్లో మూడు నెలల ఈల్డు పదేళ్ల ఈల్డుని దాటింది, 2024 చివరి దాకా దిగలేదు. రెండేళ్లు! స్ప్రెడ్ నిలకడైనదని పరీక్ష చెబితే అది సున్నా పైకి తిరిగొస్తుందన్నమాట నిజమే. ఏ తేదీకన్నది పరీక్షలో లేదు.

ఆ తేదీ తెలియక మునిగినవాళ్లలో మహామహులున్నారు. లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండులో 1997 నోబెల్ గ్రహీతలు ఇద్దరున్నారు, రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్. దగ్గరి చుట్టాల్లాంటి బాండ్ల మధ్య దూరం పెరిగినప్పుడు అది తగ్గుతుందని పందెం కట్టడం వాళ్ల వ్యాపారం, అదీ అప్పు తెచ్చి. 1998 ఆగస్టు 17న రష్యా అప్పు ఎగ్గొట్టింది. దూరాలు తగ్గే బదులు పెరిగాయి. సెప్టెంబరు చివరికి న్యూయార్క్ ఫెడ్ పిలిచి కూర్చోబెడితే బ్యాంకులు 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. అప్పు మీద ఉన్నవాడికి "చివరికి తిరిగొస్తుంది" అన్న మాట అన్నం పెట్టదు.

కాడి ఉందని తేలాక మీరు చేయాల్సిన పని ఎర్రర్ కరెక్షన్ మోడల్. స్ప్రెడ్ మామూలు కన్నా పెరిగితే తర్వాతి నెల ఎవరు కదులుతున్నారు, చిన్న రేటా, పెద్ద రేటా? ఇద్దరి గుణకాలూ పక్కపక్కన రాయండి. ఒకరిది సున్నాకి దగ్గరగా ఉంటే ఆ ఎద్దు తన దారిన తను పోతోంది, రెండోదే సర్దుకుంటోంది. గిల్ట్ ఫండులో డబ్బు పెట్టినవారికి ఆ ఒక్క అంకె పది పేజీల రిపోర్టు కన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ ఆదివారం రెండు గంటలు కేటాయించండి. సెయింట్ లూయిస్ ఫెడ్ వారి ఫ్రెడ్ డేటాబేస్‌లో అమెరికా పదేళ్ల ఈల్డూ, మూడు నెలల బిల్లు రేటూ నెలసరిగా దశాబ్దాల పాటు ఉచితంగా దొరుకుతాయి. మన అంకెలకి రిజర్వ్ బ్యాంకు వారి డీబీఐఈ డేటాబేస్ ఉంది. అమెరికాతో మొదలుపెట్టండి, ఏళ్లు ఎక్కువ కాబట్టి. కంప్యూటరు తెరిచే ముందు ఒక తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాయండి: ఏ వరస దూడ అనుకుంటున్నారు, ఏది ఆంబోతు అనుకుంటున్నారు, కాడి ఉందంటే ఎందుకుందంటున్నారు. కింద తేదీ వేయండి. ఆ తర్వాతే గ్రాఫు, ఆ తర్వాత ఏడీఎఫ్, కేపీఎస్ఎస్, చివర స్ప్రెడ్. వచ్చిన అంకెల్ని అదే కాగితం వెనకవైపు రాయండి. ముందు వైపు రాసింది తప్పయినా కొట్టేయకండి, దిద్దకండి. తర్వాతి అధ్యాయంలో పని ఆ కాగితంతోనే.